కడగని తెర

మా తోడికోడలికీ నాకూ ఉప్పూ నిప్పూ. పొద్దున్నే కుళాయి దగ్గర మొదలైతే రాత్రి గిన్నెలు తోముకునే దాకా తగువే. అలాంటి దాన్ని ఆమె చెయ్యి పట్టుకుని కోర్టు మెట్లెక్కానంటే, ప్రేమ పొంగిపొర్లి కాదు. ఇంట్లో వాళ్లందరూ మెల్లగా జారుకున్నారు. మా మరిదికి సెలవు దొరకలేదట, కట్టుకున్న పెళ్లాం కోసం! మా ఆయనకి సరిగ్గా ఆ రోజే నడుము పట్టేసింది. మా అత్తగారైతే, "పోనిద్దురూ, చెయ్యి మానిపోయిందిగా" అంది.

మానిపోయిందట! ఆమె ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మూతి అచ్చు అలాగే దిగి ఉంది.

అది ఆమె పనిచేసిన లాండ్రీ యజమాని నిర్వాకం. పని అయ్యాక కాసేపు ఉండమన్నాడు, ఆమె ఉండనంది. అంతే, కాలుతున్న ఇస్త్రీపెట్టె తీసి చేతి మీద అదిమేశాడు. ఆ మాత్రం మాకు తెలుసు. అంతకుమించి ఆమె ఎవరికీ చెప్పలేదు. పోయిన వాయిదాకి బోనెక్కి, నోరు తెరిచి, ఒక్క ముక్క అనకుండా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. వరండాలో కక్కుకుంది. అవతలి వకీలు నవ్వాడు. మా తరఫున వాదించే సర్కారు ప్లీడరు తేల్చి చెప్పేశాడు.

"ఈసారి కూడా ఇలాగే చేస్తే మీ సాక్ష్యం లేనట్టేనమ్మా. వాడు దర్జాగా ఇంటికెళ్లిపోతాడు."

వాడి మొహం చూసి హడలిపోయిందని అందరం అనుకున్నాం. అందుకే ప్లీడరు వెంటపడి దరఖాస్తు పెట్టించాను. జడ్జిగారు ఒప్పుకున్నారు. వాడు ఎదురుపడకుండా ఈమెకు వేరే గది, బోనుకి అడ్డంగా ఒక తెర. ఇదేమీ దయాధర్మం కాదట, హక్కట. కోర్టు గోడకి బోర్డే ఉంది: నేర బాధితుల హక్కులు. గౌరవంగా చూడబడే హక్కు, రక్షణ పొందే హక్కు, తన మాట వినిపించుకునే హక్కు. ఆ బోర్డు కిందే ఎవడో ఉమ్మిన మరక ఎండిపోయి ఉంది.

నేను హాస్టల్ మెస్‌లో వంటవాళ్ల మీద అజమాయిషీ చేసేదాన్ని. అరవడమే నా ఉద్యోగం. అయినా ఆ రోజు నోరు కట్టేసుకుని, చాలా మర్యాదగా బంట్రోతుని అడిగాను.

"బాబూ, బాధితుల గది ఎక్కడ?"

"చివర్నుందమ్మా. కానీ ఇప్పుడు ఖాళీ లేదు."

"మా పేరు మీద రాసిచ్చిన గది ఖాళీ లేకపోవడం ఏంటయ్యా?"

నేను వెళ్లి తలుపు తోశాను. లోపల ఏసీ చల్లగా వీస్తోంది. మెత్తటి సోఫా, కూజాలో పువ్వులు, గోడ మీద పసిపాప నవ్వే బొమ్మ. సోఫాలో వాడు! బెయిలు మీద తిరుగుతున్న లాండ్రీ వాడు, పక్కన వాడి వకీలు. ఇద్దరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. గదంతా కూర వాసనా, దాని మీద వాడి సెంటు వాసనా. వాడు ఒంటికే కాదు, ఇస్త్రీ చేసిన ప్రతి బట్టకీ ఆ సెంటే కొడతాడు. నా వెనకాల మా తోడికోడలు చేతిరుమాలు ముక్కుకి అదుముకుని గోడకి ఆనుకుపోయింది.

"రండమ్మా, కూర్చోండి" అన్నాడు వాడు, మూతి తుడుచుకుంటూ. సిగ్గనేది ఒక్క చుక్కయినా ఉండాలా!

"పెద్ద వకీలు గారికి బీపీ అమ్మా, ఏసీ లేకపోతే కష్టం" అన్నాడు వెనకాలే వచ్చిన బంట్రోతు.

"బాధితులు వీళ్లా? కాలింది ఎవరి చెయ్యయ్యా?"

ఎవడికీ చీమ కుట్టినట్టయినా లేదు. వకీలు తల కూడా ఎత్తకుండా ముద్ద మింగాడు. ఛీ! ఎంగిలి చేతులతో హక్కుల సోఫా మీద కూర్చున్న ఆ ఇద్దర్నీ చూస్తే నాకు మెస్ వెనకాల చెత్తకుండీయే నయమనిపించింది. మా తోడికోడల్ని తీసుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టాను. ఆమె మొహం పాలిపోయింది.

"అక్కా, ఇంటికెళ్లిపోదాం. నా వల్ల కాదు."

"నోర్ముయ్. వచ్చింది ఎందుకూ? తెర ఉంటుందిగా, వాడు కనపడడు."

ఆమె చేతిరుమాలు మళ్లీ ముక్కుకి అదుముకుంది.

ఇక తెర. సర్కారు ప్లీడరు గడియారం చూసుకుంటూ అన్నాడు, "తెర దొరకట్లేదంటమ్మా. అలాగే కానిచ్చేద్దాం, ధైర్యంగా ఉండమనండి." ధైర్యం అంత చవకైతే ఈయనే వెళ్లి ఆ ఇస్త్రీపెట్టె కింద చెయ్యి పెట్టొచ్చు కదా! ఒళ్లు మండిపోయింది. మళ్లీ బంట్రోతు మీదికి ఒంటికాలి మీద లేచాను.

"తెర ఏదయ్యా?"

"ఉంది కానీ... వాడుకలో ఉందమ్మా."

"ఎక్కడ?"

చెప్పడే! చూపు మాత్రం వెనక వరండా వైపు పోయింది. వెళ్లాను. స్టాఫ్ బాత్రూంకి తలుపు ఊడిపోయి ఎన్నాళ్లయిందో. దాని స్థానంలో నిలబెట్టారు మా తెరని. చెక్క చట్రం, ఆకుపచ్చ గుడ్డ. అడుగున జానెడు మేర గుడ్డ పసుపు పచ్చగా మారి, నల్లగా మారి, అట్టకట్టుకుపోయింది. ఆ కంపు కళ్లలోకి కొట్టింది. జడ్జిగారు సంతకం పెట్టి ఇచ్చిన హక్కు అక్కడ తడుస్తోంది. లోపల ఎవరో దగ్గారు. దగ్గితే దగ్గనీ! చట్రాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాను.

"అమ్మో, ఆగండి, లోపల గుమాస్తా గారు..."

"ఆయనకీ ఏదన్నా హక్కుంటే దరఖాస్తు పెట్టుకోమను!"

హాల్లోకి రాగానే జనం ముక్కులు మూసుకుని రెండుగా చీలి దారిచ్చారు. వాడూ వాడి వకీలూ అప్పటికే ముందు వరసలో ఉన్నారు, చేతులు కడుక్కుని, మళ్లీ సెంటు కొట్టుకుని. చట్రానికి ఒక కాలు విరిగిపోయింది. వదిలితే పడిపోతుంది. అందుకని మా తోడికోడలు ఎక్కిన బోను పక్కన నేనే పట్టుకుని నిలబడ్డాను, నా ముక్కు సరిగ్గా గుడ్డకి ఆనేలా.

"ఏమిటీ దుర్వాసన?" అన్నారు జడ్జిగారు.

"ఇది న్యాయస్థానానికే అవమానం సార్" అని వాడి వకీలు లేచాడు. "ఈ వాతావరణంలో విచారణ ఎలా? వాయిదా వెయ్యండి."

"అయ్యా!" నోరు ఆగలేదు. "మీ ఆఫీసులోనే బాత్రూం తలుపు చేసుకున్నారు దీన్ని. మీ వాళ్లు అడ్డం పెట్టుకున్నన్నాళ్లూ లేని అవమానం మా పిల్ల అడ్డం పెట్టుకుంటే వచ్చిందా?"

ప్లీడరు నన్ను ఊరుకోమని సైగ చేశాడు. జడ్జిగారి మొహం కందగడ్డయింది. బంట్రోతు వైపు ఒక్క చూపు చూసి, "కిటికీలు తెరవండి. సాక్ష్యం ఇప్పుడే నమోదవుతుంది. రేపు అవతలి వకీలు క్రాస్ పరీక్ష చేసేలోపల ఆ గుడ్డ ఉతికి పెట్టాలి" అన్నారు.

ఇప్పుడు ఈమె నోరు తెరవకపోతే అంతా బూడిదే. తెర సందులోంచి చూశాను. కళ్లు మూసుకుని, ఆ కంపుని గుండెల నిండా పీల్చింది. తర్వాత మొదలుపెట్టింది.

ఎక్కడా తడబడలేదు. వాడు ఏమన్నాడు, తానేమంది, షట్టర్ ఎవరు దించారు, చెయ్యి ఎలా పట్టుకున్నాడు, అన్నీ వరసగా చెప్పింది. "చర్మం కాలిన వాసన వచ్చిందండీ. బయట బట్టల కోసం ఎవరో వచ్చి షట్టర్ తట్టారు. వాసన తెలిసిపోతుందని సెంటు సీసా తీసి కాలిన చోట కొట్టాడు. గదంతా కొట్టాడు. నా నోరు మూసి పట్టుకుని కొడుతూనే ఉన్నాడు."

వాంతి వస్తుందేమో అనుకున్నాను, ఆ గుడ్డ వల్ల కాదు. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా ఆయన ఎవరిదో పెళ్లికి వెళ్లాలని సెంటు కొట్టుకుంటే ఈమె కంచం వదిలేసి లేచిపోయింది. పొగరు చూడండని అత్తగారితో కలిసి నేనూ మూతి తిప్పాను.

ఆమె చెప్పిందంతా టైపు కొట్టుకున్నారు. సంతకం పెట్టింది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాం. నా చీరంతా అదే కంపు.

"అక్కా" అంది, నా భుజానికి తల ఆనించి. పెళ్లయి వచ్చాక అలా ఆనించడం అదే మొదలు. "ఆ కంపే నన్ను కాపాడింది. వాడి సెంటు నా దాకా రాలేదు."

చెప్పుకుంటే సిగ్గు. ఇంత పెద్ద కోర్టు, అన్ని బోర్డులు, అంత మంది చదువుకున్నవాళ్లు. చివరికి మా పిల్లకి దక్కింది ఉచ్చకంపు. అది కూడా నేను ఎత్తుకొస్తేనే.

బంట్రోతు తెర చంకన పెట్టుకుని వెనక వరండాకి పోతున్నాడు. వెంటబడి ఆపాను.

"ఏమయ్యా, రేపు క్రాస్ ఉంది. నీకు దణ్ణం పెడతాను, అంతవరకూ దాన్ని కడక్కు."

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"కడగడమా? భలేవారే! జడ్జిగారు చెప్తారు గానీ, ఇక్కడ కడిగేదెవరమ్మా?"

థూ, ఏం బతుకులో! ఆ ఆఫీసులో నాకు నమ్మకం కుదిరిన మాట అదొక్కటే. మా తోడికోడలి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను.