ముప్పై ఆరో ఓటు

క్రిస్మస్ మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి, అప్పుడే చీకటి దిగుతుండగా, సెలీనా పార్డీ ఇంటి తలుపు ఎవరో కర్రతో మూడుసార్లు కొట్టారు.

"వేషాలొచ్చాయి! రానిస్తారా?"

ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడే దొంగ గొంతు. వేషం కట్టినవాళ్ళు గుర్తు దొరక్కుండా అలాగే మాట్లాడతారు.

సెలీనా టీ కెటిల్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. స్కల్పిన్ కోవ్ అనే ఆ చిన్న చేపలరేవు ఊళ్ళో క్రిస్మస్ పన్నెండు రోజులూ వేషాలు ఇంటింటికీ తిరుగుతాయి. ఆమె గుమ్మం తొక్కి మాత్రం తొమ్మిదేళ్ళయింది. పాడుకుంటూ వచ్చేవాళ్ళు ఆమె కంచె దగ్గరికి రాగానే పాట ఆపేసి, చప్పుడు లేకుండా దాటిపోయి, అవతలి ఇంటి ముందు మళ్ళీ అందుకునేవాళ్ళు. తలుపు మీద ఉమ్మేసి పోయినా అంత బాధ ఉండేది కాదు.

"తియ్యవే, చలికి చస్తారు," అంది పొయ్యి పక్కన కూర్చున్న ట్రిఫీ అత్త. ఎనభై దాటిన మనిషి. సెలీనా మొగుడు ఆంబ్రోస్‌ని చిన్నప్పట్నుంచీ పెంచింది ఆవిడే. అతను ఇల్లు వదిలి దూరాన ఆల్బర్టాకి పనికి పోయాక కూడా సెలీనా గడప తొక్కే మనిషి ఊళ్ళో ఆవిడ ఒక్కతే.

తొమ్మిదేళ్ళ కిందట, కాడ్ చేపల వేట మీద నిషేధం పడి తీరమంతా పస్తులుంటున్న రోజుల్లో, ఊరు ఊరంతా ఖాళీ చేసి పోతే ఇంటింటికీ డబ్బిస్తామంది ప్రభుత్వం. ఒకటే మెలిక. ఉన్న నలభై ఓట్లలో ముప్పై ఆరు 'పోతాం' అనాలి. ఓట్ల డబ్బా విప్పితే ముప్పై అయిదే వచ్చాయి. 'ఉంటాం' అన్నవాళ్ళు అయిదుగురు. అందులో నలుగురు ట్రిఫీ అత్తలాంటి ముసలివాళ్ళు. మా శవాలు ఇక్కణ్ణుంచే లేస్తాయని వాళ్ళు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు కాబట్టి వాళ్ళనెవరూ ఏమీ అనలేదు. మరి 'ఉంటాం' దగ్గర అయిదో పెన్సిల్ గీత ఎవరు గీశారు? అంతకుముందు నెల చర్చి హాల్లో మీటింగు జరిగినప్పుడు సెలీనా లేచి, "మా అమ్మ సమాధి వదిలి రావాలంటే నాకు కాళ్ళాడటం లేదు," అంది. ఊరికి ఆ ఒక్క మాట చాలింది. దుకాణంలో ఆమెని చూసి మాటలు ఆగిపోయేవి. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

సెలీనా తలుపు తీసింది. మంచుతో పాటు ముగ్గురు లోపలికొచ్చారు. మొదటివాడు లంగా కట్టి, ముఖానికి కిటికీ పరదా కప్పుకున్నాడు. రెండో శాల్తీ మగవాళ్ళ రబ్బరు కోటు వేసుకుంది. మూడోవాడు పొడుగ్గా ఉన్నాడు. ఒంటికి ఆడవాళ్ళ రాత్రి గౌను, తలకి కళ్ళ దగ్గర రెండు చిల్లులు పొడిచిన దిండు గలీబు, చేతులకి ఉన్ని తొడుగులు. గుమ్మంలో మంచు దులపడానికి ఎడమ మడమని రెండుసార్లు నేలకి కొట్టాడు.

కెటిల్ పొయ్యి మీద పెట్టేసి సెలీనా చేతులు కట్టుకుంది. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి మడమ చప్పుడు తెలియకపోవడానికి ఆమె చెవిటిది కాదు.

"చెప్పు, చెప్పు, మేమెవరం?" అని లంగావాడు గెంతాడు.

"ఆ పొట్ట దిండుది కాదు, హేవార్డ్ రైడౌట్‌ది. నువ్వు దొరక్కుండా ఉండాలంటే దాన్ని ఇంట్లో వదిలి రావాలి. ఇక ఆ రబ్బరు కోటు తల అప్పుడే నా అల్మారాలో ఏముందో చూడ్డానికి తిరిగింది. బ్లాంచ్, నీ మొగుడి పక్కన కూర్చో."

హేవార్డ్ దంపతులు ముసుగులు తీసి నవ్వారు. ఊరు పోవాలని అందరికంటే ముందు నిలబడి వాదించినవాడు హేవార్డ్. అంత మనిషి తన వంటింట్లో నవ్వుతున్నాడంటే మంచికి రాలేదని సెలీనాకి అర్థమైంది. పేరు దొరికినవాళ్ళకి రమ్మూ కేకూ పెట్టాలి. పెట్టింది.

"మరి ఈయనెవరో?" అంది బ్లాంచ్ పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటూ. "బాగా చూసి చెప్పు సెలీనా. దగ్గరగా చూడు."

అప్పుడు తెలిసింది ఆమెకి. ఆ ఉదయం ఫెర్రీ దిగినవాణ్ణి వీళ్ళింట్లో పెట్టుకుని, గౌను తొడిగి, తమాషా చూద్దామని తీసుకొచ్చారు.

"ఏమో. కోడెదూడ అయ్యుంటుంది," అంది సెలీనా.

"దూడేమిటి! మనిషి."

"మనిషైతే నాకు తెలిసినవాడు కాదు."

పేరు దొరికేదాకా వేషం ముసుగు తియ్యకూడదు, తినకూడదు, తాగకూడదు. ఆమె పొయ్యిలో ఇంకో రెండు మొద్దులు వేసింది. గలీబు కింద ఊపిరి బరువుగా ఆడుతోంది. పావుగంట గడిచింది. చచ్చిన పోస్టుమాస్టరు పేరు చెప్పింది. పక్క ఊరి పాస్టరు గుర్రం పేరు చెప్పింది. ట్రిఫీ అత్త మొదట నవ్వింది. తరవాత ఆ పొడుగు వేషాన్ని ఎగాదిగా చూసి నవ్వు ఆపేసింది.

హేవార్డ్‌కి ఓపిక పోయింది. "అన్నీ తెలిసే ఆడుతున్నావు. పోన్లే, నీకిది అలవాటేగా. తలుపు చాటున పెన్సిల్‌తో ఒక్క గీత గీసి నలభై మంది నోట్లో మట్టి కొట్టినదానివి. మా పిల్లలు తలో దిక్కూ పోయారు. మేం ఇక్కడ కుళ్ళిపోతున్నాం. ఎవరివల్ల?"

"నా ఇంట్లో, నా కేకు తింటూ," అంది సెలీనా.

"నీ ఇంట్లోనే అంటాను. ఎవరివల్ల?"

"ఆ గీత ఆవిడ గీయలేదు," అంది గలీబు.

ఊపిరి పీలుస్తూ వచ్చిన మాటే అయినా అందరికీ స్పష్టంగా వినబడింది. బ్లాంచ్ చేతిలో గ్లాసు ఒలికింది.

"నేను గీశాను. ఆవిడ 'పోతాం' అనే వేసింది."

సెలీనా వెళ్ళి వేషం ఎదురుగా నిలబడింది.

"గుడ్డ కప్పుకుని ఎవడైనా ఏమైనా అంటాడు. ఆంబ్రోస్ పార్డీ! ఇదిగో, నీ పేరు చెప్పాను. ఇప్పుడు తీసి, మనిషి గొంతుతో మళ్ళీ చెప్పు."

అతను గలీబు లాగేశాడు. జుట్టు సగం తెల్లబడింది. ముఖమంతా చెమట. హేవార్డ్ వైపు చూసి, మామూలు గొంతుతో, మాట మాటకీ ఆగుతూ చెప్పాడు. "అయిదో ఓటు నాది హేవార్డ్. సెలీనా నాకోసం వెళ్ళడానికి ఒప్పుకుంది. 'పోతాం' అని వేసింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను."

హేవార్డ్ లంగాతోనే లేచి అతని గౌను మెడ పట్టుకున్నాడు. సెలీనా ఇద్దరి మధ్యా చెయ్యి పెట్టింది.

"కొట్టుకోవాలంటే బయట మంచు బోలెడుంది. నా పింగాణీ పగిలితే ఊరుకోను. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బయటికి నడవండి."

హేవార్డ్, బ్లాంచ్ వెళ్ళారు. ట్రిఫీ అత్త శాలువా కప్పుకుని, కర్ర వెతుక్కుని, పెంచిన కొడుకు ముందు ఒక్క క్షణం ఆగింది. "ఇన్నేళ్ళూ ఈ పిల్ల చేతి టీ తాగుతూ కూడా 'ఉంటాం' అని వేసింది ఇదే అనుకున్నానురా. మనసులో మెచ్చుకున్నాను కూడా. నువ్వు నన్ను కూడా వెర్రిదాన్ని చేశావు," అనేసి తన ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ మాట సెలీనాకి ఎక్కడో గుచ్చుకుంది. అత్తకి తెలుసేమో, అందుకే వస్తోందేమో అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

ఇద్దరే మిగిలారు.

"కూర్చోమనలేదు," అంది.

"నుంచునే ఉన్నాను."

"ఎందుకు గీశావు? ఓట్లు లెక్కపెట్టిన రాత్రి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చావు గానీ, ఎందుకో చెప్పలేదు."

"కిటికీలోంచి నా పడవ కనబడింది. అంతే. రేవంతా తిరిగి, పోదాం పోదాం అని అందరికంటే ఎక్కువ అరిచినవాణ్ణి. పెన్సిల్ పట్టుకున్నాక చెయ్యి అటు పోలేదు."

"ఓటు నీ ఇష్టం. దాని గురించి నేనెప్పుడూ ఏమీ అనలేదు. రేవులో నీ పెళ్ళామే చేసిందిరా అని వాళ్ళంటే నువ్వేమన్నావు? నా ఎదురుగా చెప్పు."

అతను నేల చూశాడు. "ఆడవాళ్ళ మనసు, ఏం చేస్తాం అన్నాను."

"ఆఁ. అది. సాయంత్రానికల్లా ఆ మాట నాకు చేరింది. నన్ను చంపింది కాగితం మీద నువ్వు గీసింది కాదురా, ఆ మాట. రెండు నెలలు ఆగి ఫెర్రీ ఎక్కావు, నన్ను వీళ్ళకి వదిలేసి."

"ఉత్తరాలు రాశాను."

"చలికి పొయ్యిలో పనికొచ్చాయి. ఒక్కటీ విప్పలేదు." ఆమె కెటిల్ పొయ్యి మీంచి దించింది. "ఇప్పుడెందుకొచ్చావు?"

"పనివాళ్ళ క్యాంపులో భోజనాల దగ్గర మన తీరంవాడొకడు ఇంకొకణ్ణి తిడుతూ, 'సెలీనా గీత గీశావురా' అన్నాడు. వాడు నిన్నెప్పుడూ చూడలేదు. సెలీనా అంటే ఎవరో కూడా తెలీదు వాడికి. నలుగురి మంచీ చెడగొట్టే పనికి మనవైపు అలా అంటారట. సామెతైపోయావు. నేను తినలేకపోయాను."

ఈ సంగతి సెలీనాకి తెలియదు. తలుపు తీసి పట్టుకుంది.

"నువ్వు తినలేకపోయావని నేను జాలిపడాలా? పో."

హేవార్డ్ ఇంటి ముందు అతని సంచి అప్పటికే మంచులో పడి ఉంది. ట్రిఫీ అత్త తలుపు తియ్యలేదు. చివరికి అతను రేవు పక్కన తన పాత వలల కొట్టులో దూరి, తుప్పు పట్టిన చిన్న పొయ్యి రాజేసుకున్నాడు.

మర్నాటి నుంచి ఊరి కోపం గాలి మళ్ళినట్టు అటు మళ్ళింది. దుకాణంలో అతనికి సరుకు ఇవ్వలేదు. దారిలో ఎదురైనవాళ్ళు ఉమ్మేశారు. అతను మాత్రం రోజుకో ఇంటి తలుపు కొట్టి, తీసినవాళ్ళకి తను చేసింది చెప్పి, తియ్యనివాళ్ళకి తలుపు బయటినుంచే చెప్పి వచ్చేవాడు. గురువారం ఫెర్రీ వచ్చింది, పోయింది. అతను ఎక్కలేదు.

ఇటు సెలీనా ఇంటికి కేకులు రావడం మొదలైంది. కొత్త సంవత్సరం రెండో రోజున బ్లాంచ్ పళ్ళ కేకు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మాకేం తెలుసు సెలీనా, నువ్వు చెప్పలేదు."

"ఇందులో కిస్మిస్ ఎన్నేశావు?"

"పావు కిలో."

"తొమ్మిదేళ్ళకి పావు కిలో. తీసుకుపో, నాకు తీపి పడదు."

తలుపు వేశాక, అదేమంత సంతోషంగా అనిపించలేదు ఆమెకి. వీళ్ళు ముందూ ఇంతే సులువుగా తిట్టారు, ఇప్పుడూ ఇంతే సులువుగా కేకు తెచ్చారు.

జనవరి అయిదున మధ్యాహ్నం ట్రిఫీ అత్త రొప్పుతూ వచ్చింది. "హేవార్డ్ మనుషులు వాడి కొట్టు మీద పొగ గొట్టం పీకేసి పట్టుకుపోయారే. పొయ్యి వెలిగిస్తే పొగకి చస్తాడు, వెలిగించకపోతే చలికి చస్తాడు. వాడు వెధవే. అయినా..."

సెలీనా బూట్లు తొడుక్కుంది. హేవార్డ్ వాకిట్లో గొట్టం మంచులో పడి ఉంది. నలుగురు మగవాళ్ళు దాని చుట్టూ నిలబడి నవ్వుకుంటున్నారు.

"ఇటివ్వు," అంది.

"నీకోసమే చేశాం సెలీనా. నీకు అన్యాయం..."

"నాకోసమా? నా పేరు సామెత చేసి తీరమంతా తిప్పినప్పుడు కూడా నాకోసమే చేశారా? హేవార్డ్, విను. మీకు వాడు చేసింది ఒక ఓటు. ఓటు ఎవడిష్టం వాడిది, దాని గురించి మీరెవరూ అడగడానికి లేదు. ద్రోహం చేసింది నాకు. వాణ్ణి తిట్టాలంటే నేను తిట్టాలి. కొట్టాలంటే నేను కొట్టాలి. మధ్యలో మీరెవరు?"

"మరి అన్నేళ్ళూ నోరెందుకు మూసుకున్నావు?" అన్నాడు హేవార్డ్, ముఖం ఎర్రబడి.

"నన్ను ఒక్కడైనా అడిగాడా? మీలో ఒక్కడు నా తలుపు కొట్టి 'నువ్వేనా వేసింది' అని అడిగాడా? అడక్కుండానే తేల్చేశారు."

ఆమె గొట్టం భుజానికెత్తుకుని, మసి కోటుకి అంటుకుంటుండగా, ఊరి మధ్యనుంచే రేవుకి నడిచింది.

ఆంబ్రోస్ కొట్టులో పాత తెరచాప కప్పుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు నీలం తిరిగాయి. ఆమెని చూసి లేవబోయాడు.

"నిచ్చెనెక్కు. నేను కింద పట్టుకుంటాను."

ఇద్దరూ కలిసి గొట్టం బిగించడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా దెబ్బలాడుకున్నారు. ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పావని ఆమె, నిచ్చెన కదుపుతున్నావని అతను. పొయ్యి మళ్ళీ రాజుకున్నాక అతను అడిగాడు.

"నన్ను క్షమించావా?"

"లేదు."

"ఎప్పటికైనా?"

"తెలీదు. రేపు ఆఖరి పండగ రోజు. బాతు వండుతున్నాను. అత్త వస్తానంది. నువ్వూ రా, నోరు మూసుకుని తిను. తిన్నాక గిన్నెలు తోము."

అతను వచ్చాడు. నోరు మూసుకునే తిన్నాడు. ట్రిఫీ అత్త అతని వైపు చూడకుండా బంగాళాదుంపల పళ్ళెం జరిపింది. ఆ తరవాత ప్రతి ఆదివారం వచ్చాడు. దారిన పోయేవాళ్ళకి వాళ్ళ అరుపులు వినబడేవి. పాత సంగతులన్నీ ఒక్కొక్కటే తీసి ఆమె తిట్టేది. అతను కొన్నిటికి ఒప్పుకునేవాడు, కొన్నిటికి ఎదురు చెప్పేవాడు. ఫిబ్రవరిలో ఒకసారి ఆమె ఏడ్చింది. అతను దగ్గరికి రాబోతే చేతిలో కత్తి చూపించింది, చేప కోస్తూ ఉంది కాబట్టి. మార్చిలో ఇంకోసారి ఏడ్చింది. అప్పుడు చేతిలో ఏమీ లేదు. అతను దగ్గరికి వచ్చాడు, ఆమె పొమ్మనలేదు.

ఏప్రిల్ ఆఖర్న రేవులో మంచు విడిపోయి కొట్టుకుపోయింది. ఆ వారమే ఆంబ్రోస్ తన సంచి తెచ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సెలీనా అతన్ని మెట్ల మీద కాసేపు నిలబెట్టి, తరవాత పక్కకి తప్పుకుంది. మంచంలో కిటికీ వైపు ఇచ్చింది. అటే చలిగాలి ఎక్కువ వస్తుంది.