నీడకు మూడు కొటేషన్లు

ఆ ఊళ్లో ఎండకు కొరత లేదు. ఏడాదిలో మూడొందల రోజులు తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉంటుంది, పిలవని చుట్టంలా. ఒకవైపు సముద్రం, మరోవైపు సముద్రంలో కలవబోతూ ఒళ్లు విరుచుకున్న నది, ఆ గట్టు పొడవునా పార్కులు. సెలవురోజు వస్తే జనం ఇసుకలో తువ్వాళ్లు పరుచుకుంటారు, గట్టు మీద సైకిళ్లు తొక్కుతారు, పచ్చికలో పిల్లల్ని వదిలేసి కునుకు తీస్తారు. టార్పాలిన్ల వ్యాపారి ఈ సంబరాన్నంతా వ్యాపారి కళ్లతోనే చూసేవాడు. ఎండ అంత చవగ్గా దొరికే ఊళ్లో నీడకు గిరాకీ ఉండి తీరుతుందని ఆయన లెక్క. ముప్పై ఏళ్లుగా గజాల చొప్పున నీడ కోసి అమ్ముతున్నాడు. చొక్కా జేబులో కొలతల టేపు లేకుండా ఎవరూ ఆయన్ను చూడలేదు గనక బజారంతా టేపు అనే పిలుస్తుంది. చాటుగా కాదు, మొహం మీదే.

టేపుకు ఒక అక్క ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు పడవల రేవులో టికెట్లు అమ్మింది. ఆ టికెట్ గదికి కిటికీ రోడ్డువైపు పెట్టారు. నది ఎప్పుడూ ఆమె వీపు వెనకే. రిటైరైన మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని బయల్దేరుతూ, "ఇన్నేళ్లూ దానికి వీపు చూపించానురా. ఇకనుంచి మొహం చూపిస్తా" అంది. అన్నట్టే రోజూ రెండు గంటలు నది పార్కులో చెట్ల కింద కూర్చునేది. ఏ పడవకు కొత్త రంగు వేశారో, అవతలి ఒడ్డున ఈదే ముసలాయన ఇవాళ ఎన్నిసార్లు మునిగాడో ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పేది. ఆమెకు వేరే వ్యసనం లేదు.

తర్వాత చర్మానికేదో జబ్బు చేసింది. డాక్టరు మందిచ్చి, "ఈ మందు వాడినన్నాళ్లూ ఒంటి మీద ఎండ పడకూడదు. నీడలో ఎంతసేపు కూర్చున్నా ఫరవాలేదు" అన్నాడు. ఎన్నాళ్లు వాడాలంటే, ఉన్నన్నాళ్లూ అన్నాడు. అయినా అక్కకు పెద్ద నష్టమేమీ కనబడలేదు. చెట్ల కింద కూర్చునేదానికి ఎండతో పనేమిటి?

సరిగ్గా పది రోజులకు పార్కుల ఆఫీసువాళ్లొచ్చి గట్టు మీది ఏడు చెట్లూ కొట్టేశారు. నది బాగా కనబడాలట. చెట్లున్న చోట సిమెంటు బెంచీలు వేసి, పెద్ద బోర్డు పెట్టారు: "మీ నదిని ఆనందించండి."

టేపు వెళ్లి కొలిచాడు. పొద్దున పది గంటలకు ఆ పార్కు మొత్తం మీద నీడ ఎంతయ్యా అంటే, బోర్డు కింద నాలుగడుగులకు ఆరడుగులు. దీపస్తంభాల నీడ ఒక్కోటి బెత్తెడు. బోర్డు నీడలో అయిదుగురు పెద్దవాళ్లు ఒకళ్ల వెనక ఒకళ్లు బస్సులో కూర్చున్నట్టు ఇరుక్కుని కూర్చున్నారు. అరగంటకోసారి నీడ జరిగితే అందరూ లేచి మోకాళ్లు పట్టుకుని నీడతోపాటు జరిగి మళ్లీ కూర్చుంటున్నారు. ఆ వరసలో అయిదో మనిషి అక్క. గొడుగు తెరిస్తే సముద్రం గాలికి తిరగబడుతోంది. మోచేయి ఎండలో ఉండిపోయింది. సాయంత్రానికి చేతి మీద బొబ్బలు లేచాయి. మర్నాటినుంచి ఆమె వెళ్లలేదు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పక్కింటి గోడ చూస్తూ కూర్చుంది. ఒక్క మాటైనా అనలేదు. అని ఉంటే టేపుకు అంత ఒళ్లు మండేది కాదు.

తిన్నగా పార్కుల ఆఫీసుకెళ్లాడు. ఆఫీసరు కాగితాల మీంచి తలెత్తలేదు.

"చెట్లెందుకు కొట్టారండీ?"

"నది కనబడటానికి."

"ఎవరికి?"

"వచ్చినవాళ్లకి."

"వచ్చినవాళ్లు మాడిపోయి ఇళ్లకి పోతున్నారు కదండీ, ఇంక ఎవరికి కనబడుతుంది? నదికి నదేనా?"

"రెండో దశలో నీడకి ఏర్పాట్లున్నాయి."

"రెండో దశ ఎప్పుడు?"

"మొదటిది పూర్తయ్యాక."

"మొదటిది ఎప్పుడవుతుంది?"

ఆఫీసరు తలెత్తి, జవాబు అక్కడెక్కడో రాసున్నట్టు ఫ్యాను వైపు చూశాడు.

"సరే, వదిలేయండి" అన్నాడు టేపు. "గుడ్డ నాది, స్తంభాలు నావి, తాళ్లు నావి, కట్టే మనుషులు నావాళ్లు. ఊరికే ఇస్తా. కట్టుకోమని ఒక ముక్క రాసివ్వండి చాలు."

ఆఫీసరు అప్పుడు పెన్ను కింద పెట్టాడు. "ఊరికే ఇచ్చినా మూడు కొటేషన్లు కావాలండీ."

"దేనికి?"

"ఇంతకంటే తక్కువకి ఇంకెవరైనా ఇస్తారేమో చూడొద్దూ? రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?"

"ఊరికే కంటే తక్కువకా!"

టేపుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఏమిటో ఆ మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ తెలిసొచ్చింది. కానీ వ్యాపారి కోపంలో కూడా లెక్క మానడు. ఊళ్లో టార్పాలిన్ షాపులు మూడే. ఒకటి తనది. రెండోది బావమరిదిది, వాడు రాయమంటే రాసిస్తాడు. మూడోది తన షాపుకు ఎదురుగా నవ్వులాయనది. ఆయన పళ్లు పెదవుల వెనక దాగినట్టు ఎవరూ చూడలేదు. సర్కస్ డేరా బేరం టేపు చేతిదాకా వచ్చాక ఆ నవ్వుతోనే తన్నుకుపోయాడు. అప్పట్నుంచీ పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

అక్క కోసం రోడ్డు దాటాడు. ఇరవై రెండు అడుగుల రోడ్డు. దాటడానికి పదకొండేళ్లు పట్టింది.

సంగతంతా విని నవ్వులాయన కుర్చీ తుడిచి వేశాడు. "మన టికెట్ అక్కగారి కోసమా? అంత మొహమాటపడతావేంటన్నా! సున్నా రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది? ఇంతకీ గుడ్డ కట్టేది గట్టు మీద ఎక్కడ?"

టేపు కాగితం మీద గీసి మరీ చూపించాడు. మనిషిని అనవసరంగా ఆడిపోసుకున్నానే అని కూడా అనుకున్నాడు.

మూడు కవర్లు తెరిచారు. మూడింట్లోనూ సున్నాలే.

"సమానంగా వచ్చాయండీ" అన్నాడు ఆఫీసరు విచారంగా. "సమానమైతే కమిటీకి పంపాలి. కమిటీ వానాకాలంలో కూర్చుంటుంది."

"ఎండకి నీడ వానాకాలంలో తేలుస్తారా? మనుషులేనా మీరు? అక్కడ ముసలాళ్లు బోర్డు నీడ కోసం పాక్కుంటూ తిరుగుతున్నారండీ!" ఆఫీసంతా తలలు తిప్పి చూసింది. మూల కూర్చున్న గుమాస్తా మెల్లిగా నోరు విప్పాడు. "మళ్లీ కవర్లు పిలవొచ్చు సార్, రూలుంది. ఈసారి ఎవరు తక్కువ రాస్తే వాళ్లకే."

సున్నా కంటే తక్కువ. అంటే సరుకూ ఇచ్చి, ఎదురు డబ్బూ ఇవ్వాలి.

ఇంటికొచ్చి చెబితే అక్క నెల రోజుల్లో మొదటిసారి నవ్వింది. "ఒరేయ్, నేను టికెట్ చింపి చేతికిచ్చి, ప్రయాణికుడికి పైన చిల్లర కూడా ఇచ్చినట్టుంది."

"నవ్వకక్కా. నాన్న పైనుంచి చూస్తుంటాడు."

సరుకు కొనమని కొనేవాడికి డబ్బివ్వడం వాళ్ల వంశంలో లేదు. పెన్ను మూడుసార్లు తీసి మూడుసార్లు జేబులో పెట్టుకున్నాక, పళ్లు బిగించి రాశాడు: సున్నాకు ఒకటి తక్కువ.

రెండోసారి కవర్లు తెరిచారు. బావమరిది పాత సున్నాయే రాశాడు. నవ్వులాయన సున్నాకు యాభై ఒకటి తక్కువ రాశాడు.

"పోటీ ఉంటే ప్రజలకి మంచిదండీ" అన్నాడు ఆఫీసరు, ఆ పోటీ తను కన్నట్టు.

వరండాలో టేపు నవ్వులాయన చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "ఏమయ్యా, మా అక్క కోసం నీకెందుకంత దాతృత్వం పుట్టుకొచ్చింది?"

"దాతృత్వమేంటన్నా, వ్యాపారం చేసుకునేవాళ్లం. ఆ గట్టు పక్కనుంచి రోజుకి నలభై పడవలు పోతాయి. పడవకి అరవై మంది. గుడ్డ అంచు మీద మన షాపు పేరు రెండడుగుల అక్షరాలు. ఊళ్లో అంత బోర్డు ఎంతకొస్తుందో నువ్వే చెప్పు. నీ టేపుతో కొలిచి చెప్పు."

టేపు చెయ్యి దానంతటదే జేబులోని కొలతల టేపు మీదికి పోయింది. ముప్పై ఏళ్ల వ్యాపారి, పడవల్లో జనం ఉంటారన్న సంగతే మరిచిపోయాడు. పైగా చోటు ఎక్కడో బొమ్మ గీసి మరీ ఇచ్చాడు. కోపం సగం ఎదుటివాడి మీద, సగం తన మీద. రెండు సగాలూ కలిస్తే ఒకటి కావాలి, ఈ లెక్కలో మాత్రం నాలుగైంది.

తొమ్మిది రోజుల్లో గుడ్డ లేచింది. అక్క వెళ్లి దాని కింద కూర్చుంది. టేపు మూడు రోజులు అటువైపు పోలేదు. నాలుగోరోజు అక్క గుమ్మంలో నిలబడింది. "వాడి పేరు నది వైపుందిరా. లోపల కూర్చున్నవాళ్లకి కనబడదు. వస్తే రా, లేకపోతే నీ కోపానికి తాళం వేసుకుని ఇంట్లో ఉండు."

వెళ్లాడు. నీడ బాగానే పడుతోంది, అయిదుగురూ కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అలవాటు కొద్దీ గుడ్డకేసి తలెత్తాడు. అంతే, మొహం ఎర్రబడింది. అంచు ఒంటి మడత! తాడు దూర్చే రింగుల దగ్గర అప్పుడే గుడ్డ పీలికలవుతోంది. సముద్రం గాలికి ఇది రెండు నెలలు నిలవదు. పేరుకి రెండడుగులు, అంచుకి అరంగుళం!

పరుగున షాపుకెళ్లి నిచ్చెన, దబ్బనం, మైనం రాసిన దారం తెచ్చాడు. సగం ఎక్కేసరికి వాచ్‌మన్ వచ్చాడు.

"సార్, అది పార్కు ఆస్తి. ముట్టుకోకూడదు. రిపేరుంటే ఆఫీసులో చెప్పి..."

"చెప్పి? కొటేషన్లా?"

"మూడు సార్."

"రాసుకో! నా పేరు రాసుకో, మీ ఆఫీసరు పేరు రాసుకో, ఆ పళ్లికిలించే వెధవ పేరు గుడ్డ మీదే ఉంది, చూసి రాసుకో! గాలి పేరు కూడా రాసుకో. అదేమన్నా మూడు కొటేషన్లు తీసుకుని చింపుతోందేమో అడుగు! ఊరంతా ఎండ పోసి, కొసరుకి ఒక్క చారెడు నీడ వేయడానికి ఇన్ని సంతకాలా? సిగ్గుండక్కర్లేదూ?"

వాచ్‌మన్ ఎండకు కళ్లు చికిలించి చూశాడు. తర్వాత నీడలోకి జరిగి, ఊగుతున్న నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాడు. "నేను చూళ్లేదు సార్. తొందరగా కానివ్వండి."

టేపు మడత మీద మడత వేసి కుట్టడం మొదలుపెట్టాడు. నోరు ఆగలేదు. ఆఫీసరుకు ఒక కుట్టు, కమిటీకి ఒక కుట్టు, నవ్వులాయనకు రెండు.

కింద నుంచి అక్క తల తిప్పకుండానే అంది: "ఒరేయ్, ఆ నిచ్చెన కాస్త పక్కకి జరుపు. పడవ కనబడట్లేదు."

టేపు దిగి, నిచ్చెన రెండడుగులు జరిపి, మళ్లీ ఎక్కి, తిట్టు ఎక్కడ ఆపాడో అక్కణ్నుంచి అందుకున్నాడు.