వదిన ఇవ్వాల్సిన రక్తం

మా వదిన మల్లి మార్కాపురంలో బస్సు దిగడమే తిట్లతో దిగింది. ఆమె తమ్ముడు, అంటే మా ఆయన ఆదిశేషుకు పెద్దపేగు క్యాన్సర్. కీమో మాత్రలు మింగుతున్నా గడ్డ పెరిగిందని స్కానింగ్‌లో తేలింది. దానికి నేనే కారణమట.

"మాత్రలు ఏ పెంటలో పోసినావే? నా తమ్ముణ్ణి మింగేదానికే వచ్చినావు ఈ ఇంటికి!" అని వీధంతా వినేలా అరిచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. గుంటూరు డాక్టరు అసలు సంగతి ముందురోజే చెప్పాడు. కణాల జన్యువుల్లో పడే తప్పుల్ని దిద్దే ఏర్పాటులో మా ఆయనకు పుట్టుకతోనే లోపం ఉందట. గడ్డలో అయితే ఆ దిద్దే ఏర్పాటే పూర్తిగా పోయిందట. ఆ మాత్ర కణంలో తప్పులు పెట్టి చంపాలి. తప్పును పసిగట్టే దిక్కే లేకపోతే గడ్డ దర్జాగా బతికేస్తుంది. కానీ అన్నన్ని తప్పులున్న గడ్డను ఒంట్లోని రక్షణ కణాలు గుర్తుపట్టగలవు, వాటికి పడ్డ కళ్ళెం విప్పే ఇంజెక్షన్ వేరే ఉంది, అదే మొదలుపెడదామన్నాడు. ఇది తండ్రి నుంచి వచ్చినట్టుంది, అక్కకూ ఈ లోపం ఉండొచ్చు, రక్తపరీక్ష చేయించమన్నాడు.

ఇది నెమ్మదిగా చెప్పాల్సిన మాట. నేనేమో దోసెడు మన్ను ఎత్తి ఆమె ముందు పోశాను.

"మీ నాయన నుంచి వచ్చిన రోగం ఇది! నీ కడుపులో కూడా ఉంటాది, చూసుకో పో!"

వదిన ముఖం పాలిపోయింది. వచ్చిన కాళ్ళతోనే వాళ్ళ ఊరు కొనకనమిట్లకు బస్సెక్కింది.

కొన్నాళ్ళకు ఆమె కూతురు భవాని ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మకు దొడ్డికి పోతే రక్తం పడతా ఉంది అత్తా. ఆస్పత్రికి పోదామంటే రాదు. నువ్వు మన్ను పోసి పెట్టిన శాపమంట. కనిగిరి పోయి తాయెత్తు కట్టించుకొని వచ్చింది."

దేవుడా, నా నోరు పడిపోను! డాక్టరు మాటను శాపం చేసి పెట్టాను. బతిమాలితే వదిన వినదు, అది నాకు తెలుసు. వాళ్ళ ఊరెళ్ళి, గడప ముందు నడుం బిగించి నిలబడ్డాను.

"తాయెత్తు కట్టుకున్నావంటే నా మాట నిజమని నువ్వే ఒప్పుకున్నట్ల! దమ్ముంటే పరీక్ష చేయించుకో వదినా. నీకేం లేదని తేలితే ఊరందరి ముందర నన్ను చెప్పుతో కొట్టు."

"కొడతానే! పళ్ళు రాలేట్ల కొడతా. పదా!" అని నాకంటే ముందు ఆటో ఎక్కి కూర్చుంది.

దారంతా తిడుతూనే ఉంది. నేనేమో ఆ చెప్పు దెబ్బ నాకు పడేట్టు చూడమని గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.