రిపీట్ అని తీసేసిన పాటలు

చర్చి నుంచి హెబ్రోను ఇంటికొచ్చేసరికి బామ్మర్ది సుశీల్ కుమార్ అతని కంప్యూటర్ ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తెర నిండా రంగుల బొమ్మలు. పాత మ్యూజిక్ ప్లేయర్ జాడ లేదు.

"చూడు బావా, కొత్త ప్లేయర్ ఎక్కించినా. నీ డొక్కుదాన్లో ఏముంది, ఫోల్డర్లు తప్ప? ఇదైతే పాటల్ని తనే సర్దుకుంటది. పాడినోళ్ల పేరు, అట్ట మీద బొమ్మ, అన్నీ..."

"నా పాటలకు అట్టలేందిరా? కొట్లో కొనుక్కొచ్చినానా?"

వాళ్ల ఊరు జువ్వలదిన్నెలో ఏటా మనిషి పోయిన రోజున ఆ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పల్లవి అందరికీ ఒకటే. చరణాలు మాత్రం ఇంటివాళ్లే కట్టుకుంటారు. పోయినవాడు ఎక్కిన పడవ, పోయినామె పడిన తగవులు, అన్నీ అందులోకి వస్తాయి. మైక్‌సెట్ అద్దెకిచ్చే హెబ్రోను ప్రతి కూడికలోనూ ఆ పాట రికార్డు చేసి ఇంటికో ఫోల్డరు పెట్టాడు. లోపల పాటకు మాత్రం అన్నిచోట్లా పల్లవి పేరే. పాత ప్లేయర్‌కు అందచందాలు లేవు. ఫోల్డర్ ఎట్లా ఉంటే అట్లా చూపేది, ఎవరి జోలికీ పోయేది కాదు.

అంతలో వీధి చివరింటి రెజీనా పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది.

"అన్నా, రేపు మళ్లీ మా అమ్మ కూడిక. పోయినేటి పాట ఎక్కించియ్యి. చరణాలు కట్టి పాడిన మా చిన్నమ్మ కూడా ఇప్పుడు లేదు కదా."

"అదెంత పని, కూర్చో," అన్నాడు హెబ్రోను.

సుశీల్ పాట నొక్కాడు. పాటలో కీబోర్డు వాయిద్యం మోగింది. రెజీనా మొహం చిట్లించింది.

"ఇది సంఘపెద్ద గారింటి పాట. మాది పెట్టన్నా."

హెబ్రోను మౌస్ లాక్కుని వెతికాడు. ఇళ్ల పేర్లతో ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. తెరిస్తే లోపల ఏమీ లేదు.

"ఏం చేసినావురా?"

"నేనేం చేయలా బావా. ఒకే పేరుతో ఇన్నుంటే రిపీట్ అంది. క్వాలిటీ మంచిది ఒకటుంచి మిగతావి తీసేయమంటావా అనడిగింది. సరే అన్నా."

"ట్రాష్‌లో ఉంటాయి, తియ్యి!"

"అదీ ఖాళీ చేసినా. ఆ జాగాలో నా సినిమాలు ఎక్కించినా."

క్వాలిటీ మంచిదట! సంఘపెద్ద నెల్లూరు నుంచి కీబోర్డు, ఖరీదైన మైకు తెప్పించుకున్నాడు. మిగిలినోళ్లవి హెబ్రోను పాత మైకుతో, పిల్లల ఏడుపు మధ్యన, సముద్రపు గాలి హోరులో పట్టినవి. ఊరు ఊరంతా ఏడిస్తే ఈ యంత్రం డబ్బున్న ఇంటి ఏడుపొక్కటే ఏరి దాచింది.

"విననే లేదా? ఒక్క పాటైనా పెట్టి విన్నావంట్రా, వెధవా?"

"పేరు ఒకటే ఉంటే వినేదేముంది బావా? నువ్వే వేరే పేర్లు పెట్టుంటే..."

హెబ్రోను చెయ్యెత్తాడు. రెజీనా మధ్యలోకొచ్చింది. ఏడుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఏడవలేదు.

"కొట్టొద్దన్నా. కొడితే వాడికి అంతటితో తీరిపోద్ది." సుశీల్ వైపు తిరిగింది. "రేపు మా ఇంటికి రా. పాట పాడే వేళకు నువ్వే లేచి నిలబడి చెప్పు, మా అమ్మ రిపీట్ అని."

"అక్కా, పొరపాటున..."

"అదే, పొరపాటు అని కూడా చెప్పు. అందరి ముందరా."

సుశీల్ బావ మొహం చూశాడు, కాస్త కాపాడతాడేమోనని.

"ఆ ఇల్లయినాక మిగతా ఇళ్లు కూడా తిరగాల నువ్వు," అన్నాడు హెబ్రోను. "నేనూ పక్కనే వస్తా. దాటేసి పోతావేమో చూడాల కదా."