బొట్టు కింద అంకె

మా ఇంటికి నాలుగో స్టారు వచ్చిన రోజు నుంచి హాలుకీ వంటింటికీ మధ్య అరమైలు దూరం ఉంటోంది. మొదట్లో ఆరడుగులు.

నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. మా పేటలో నన్ను అడక్కుండా ఎవరూ ఫ్రిజ్ కొనరు, స్టార్లు లెక్కపెట్టకుండా నేను ఎవరికీ చెప్పను. ఇళ్ళకి కూడా కరెంటు ఆదా లేబుళ్ళు ఇస్తున్నారని తెలియగానే మా వీధిలో మొదటి దరఖాస్తు నేనే పెట్టాను. ఇప్పుడు గుమ్మం పక్కన, మీటరు కింద, నాలుగు స్టార్ల లేబుల్ ఉంది. రోజూ దాని ముందే నిలబడి పళ్ళు తోముకుంటాను. దారిన పోయేవాళ్ళు చూడాలి కదా.

ఇందులో రహస్యమేమీ లేదు. ఇల్లు ఏడాదికి కాల్చే యూనిట్లని ఇంటి చదరపు అడుగులతో భాగిస్తారు. వచ్చింది ఎంత తగ్గితే అన్ని స్టార్లు. ఈ లెక్క మా రెండు గదుల ఇంటికి నాకన్నా ముందే అర్థమైంది. రెండో స్టారు కోసం ఒక నడవా పెంచుకుంది. మూడో స్టారుకి దాన్ని సాగదీసింది. నాలుగో స్టారు వచ్చినప్పుడు నేను గోడ వీపు తట్టి శభాష్ అన్నాను.

మా ఆవిడ మంగతాయారు వంటింటి వైపు ఉండిపోయింది. పొద్దున్నే టీ క్యారేజీలో పోసి, నడవా పొడుగునా కట్టిన దండేనికి తగిలిస్తుంది. పాత వాషింగ్ మెషీన్ కప్పీతో నేను ఇటు నుంచి తాడు లాగుతాను. టీ చేరేసరికి చల్లారిపోతుంది. మొన్న క్యారేజీ మూత మీద సుద్దతో రాసి పంపింది, "ఇక్కడ వాన పడుతోంది, అక్కడో?" అని. హాల్లో ఎండ కాస్తోంది.

ఈ ఉదయం లేబుళ్ళ ఆఫీసరు గంటి సోమయాజులు గారు ఐదో స్టారుని తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. లేబుల్ పక్కన జిగురు రాస్తున్నాడు.

"ఐదోది అంటిస్తే ఇంక ఊడదండి. ఇల్లు ఎక్కడిదాకా సాగితే అక్కడే బిగిసిపోద్ది."

"వంటిల్లు ఎక్కడిదాకా వెళ్తుందండి?"

"ఆయ్, కొవ్వూరు దాటుద్దండి. మధ్యలో గోదారి ఉంటది. మీకేం, వీధి మొత్తానికి మీదొక్కటే ఐదు స్టార్లు."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది.

"ఇంట్లో ఆవిడ సంతకం కూడా కావాలండి. జిగురు ఆరేలోపు తెచ్చెయ్యండి," అని కాగితం నా చేతిలో పెట్టాడు.

నేను నడవాలోకి దిగాను. నాలుగడుగులకొక ట్యూబులైటు వెలుగుతోంది. ఇంత ఇల్లూ నాదే అనుకుంటూ నడుస్తున్నాను. చెప్పులు అరిగిపోయి ఊడిపోయాయి. అప్పుడు దూరంగా మంగతాయారు కనబడింది, కుంకుమ బొట్టంత. "మంగా" అని పిలిచాను. తను తల తిప్పేలోగా నేను ఇరవై అడుగులు వేశాను. నాకు భయమేసింది. గోదారి అడ్డం పడితే ఈ పిలుపు కూడా చేరదు.

వంటింట్లో తను స్టవ్ ముందు నిలబడి ఉంది. జుట్టు నెరిసి ఉంది. నేను అటు లేనప్పుడు నెరిసింది.

"సంతకం పెట్టవే. ఐదోది వచ్చింది."

మంగతాయారు కాగితం తీసుకోలేదు. మా ఫ్రిజ్ వైపు చూస్తోంది. రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్, ఐదు స్టార్లు. కొని పదకొండేళ్ళయినా స్టిక్కరు పీకలేదు. ఏటా దసరాకి నా పనిముట్లతో పాటు దానికీ పూజ చేసి బొట్టు పెడతాను. స్టార్లు కప్పబడకుండా కింద పెడతాను.

"బొట్టు పెట్టేది మీరు, తుడిచేది నేను. కింద ఏముందో ఎప్పుడైనా చూశారా?" అంది.

చూడలేదు. చెంగు తడిపి తుడిచింది. కింద ఒక అంకె ఉంది, ఏడాదికి ఇన్ని యూనిట్లని.

"పక్కింటి చిన్న ఫ్రిజ్‌కి మూడే స్టార్లు. దాని అంకె దీనికన్నా తక్కువ. స్టారంటే మన సైజువాళ్ళలో మనమెంతనండి. అంకె అంటే మనం నిజంగా ఎంత తింటున్నామని. ముప్ఫై ఏళ్ళ మెకానిక్కు మీరు, నేను చెప్పాలా?"

నాకు తల తీసేసినట్టయింది.

"గుమ్మం దగ్గర లేబుల్ మీద బొట్టు ఎక్కడ పెట్టారు?"

"కిందే."

తను స్టవ్ కట్టేసి, టీ గిన్నె పట్టుకుని, "పదండి" అంది.

ఇద్దరం పరుగెత్తుతున్నాం. జిగురు ఆరుతున్నట్టుంది, వాసన తగ్గుతూ వస్తోంది. మేం గుమ్మం చేరేసరికి సోమయాజులు గారు ఐదో స్టారుని వేలి మీద పెట్టుకుని ఉన్నాడు. మంగతాయారు అతని మోచేయి కింద నుంచి దూరి లేబుల్ మీద బొట్టు తుడిచింది. రెండు వేల నలభై. రెండు గదులున్నప్పుడు తొమ్మిది వందల పన్నెండు, దరఖాస్తులో నేనే రాశాను. మిగతాదంతా నడవాలో ట్యూబులైట్లు తింటున్నాయి.

"ఐదోది వద్దండి. ఉన్నవి కూడా పీకేస్తున్నాను," అన్నాను.

"స్టార్లు పోతే పరువు పోద్దండి."

"నా పరువు బొట్టు కింద ఉందండి."

సంచిలోంచి గీకుడు బ్లేడు తీశాను. నాలుగోది ఊడగానే నడవా సగమైంది. మూడోది ఊడితే ట్యూబులైట్లు ఆరిపోయాయి. రెండోదానికి వంటిల్లు వచ్చి నా వీపుకి తగిలింది. అంకె తొమ్మిది వందల పన్నెండు దగ్గర నిలబడింది. ఒక్క స్టారు ఇంటి గుమ్మంలో, మా ఆవిడ పక్కన నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత గర్వపడుతున్నాను.

ఇల్లు కూడా గర్వపడుతోంది. అది అక్కడితో ఆగలేదు. ఏడు వందలు. నాలుగు వందలు. గోడలు భుజాలదాకా వచ్చాయి. ఇల్లు ఫ్రిజ్ అంతయ్యాక, లోపల అరలు కూడా వేసుకుని ఆగింది. నేను కింది అరలో సర్దుకున్నాను, మంగతాయారు కూరగాయల ట్రేలో కూర్చుంది. టీ ఇంకా పొగలు కక్కుతోంది. తలుపు వేశాను. తలుపు వేస్తే లోపలి దీపం ఆరిపోవాలి, ముప్ఫై ఏళ్ళుగా నేను బాగుచేస్తున్న స్విచ్ అది. నొక్కి చూశాను. ఆరలేదు.

బయట వీధి వీధంతా కుంకుమ భరిణెలతో వరసలో నిలబడుతోంది.

"అంకె మీద పెట్టకండి," అని మంగతాయారు లోపల్నుంచి కేకేసింది.

వాళ్ళు జాగ్రత్తగా పక్కనే పెడుతున్నారు. బయట తలుపు మీద వేలు ఆనిన ప్రతిసారీ బొట్టు లోపల మా ఇద్దరి నుదుటి మీద పడుతోంది. సోమయాజులు గారు అంకెను పైకి చదువుతున్నాడు, ఆయన చదివిన కొద్దీ అది తగ్గుతోంది.