ముందే పెట్టిన సంతకాలు

"మూడు రోజులు కూర్చుని వేసిన బొమ్మమ్మా అది. చింపేయడానికి నీకు చేతులెలా వచ్చాయి?" అంది అత్తగారు, మూడోసారి.

"చింపలేదత్తయ్యా, ఊడదీశాను. ఓ మూల చిరిగింది," అంది కోడలు కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా. ఇదీ మూడోసారే.

ఆదివారం మొదలైన గొడవ మంగళవారం పొద్దుటికి కూడా చల్లారలేదు. వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ కోడలే చర్చిలో ఆదివారం బడి నడిపిస్తుంది. చిన్నపిల్లల గది తలుపుకి నిలువుగా ఓ అద్దం ఉంది. వరండాలో పోయేవాళ్లెవరికైనా లోపల ఏం జరుగుతోందో కనబడాలని పట్టుబట్టి పెట్టించింది ఆమే. ఆ అద్దం మీద ఆమె మరిది నోవహు ఓడ బొమ్మ అతికించాడు. ఏనుగులు, ఒంటెలు జంటజంటలుగా ఓడ ఎక్కుతున్నాయి. బొమ్మ ముచ్చటగానే ఉంది. అద్దం మాత్రం వేలెడంత కూడా మిగల్లేదు.

"పిల్లలు అస్తమానం బయటికి చూస్తుంటే పాఠం ఎక్కడ తలకెక్కుతుంది వదినా?" అన్నాడు మరిది తల తుడుచుకుంటూ. "సర్లే, పోలీసు వదిన ఒప్పుకోలేదు, ఓడ మునిగిపోయింది. నువ్వూ వదిలేయమ్మా."

అత్తగారు నవ్వేసింది. గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న భర్త కూడా నవ్వాడు. అతను బస్సు డ్రైవరు, పొద్దున్నే బయల్దేరాలి. మరిది ఉన్నచోట ఎవరి కోపమూ ఎక్కువసేపు నిలవదు. ఫోటో స్టూడియోలో పని, గిటారు వాయిస్తాడు, అడిగినవాళ్లకి కాదనకుండా సాయం చేస్తాడు. ఆదివారం బడిలో చేరిన ఐదు నెలల్లో పిల్లలంతా అతని జపమే చేస్తున్నారు.

వెళ్లబోతూ మరిది ఆగాడు. "అన్నట్టు వదినా, ఆ హాజరు పుస్తకం పాస్టరు గారు నెలాఖరుకేనా చూసేది?"

"ఏం?"

"ఊరికే."

మిషన్ తొక్కుతున్న ఆమె కాలు ఆగిపోయింది.

గదిలో పెద్దవాళ్లు ఇద్దరుండాలి. ఆ ఇద్దరూ ఆ రోజుకారోజు పుస్తకంలో సంతకం చేయాలి. చిన్నపిల్లల గదిలో మరిదికి తోడు రెండో మనిషి ఆమే. కానీ రెండు నెలలుగా పాటల బృందం గౌన్ల పని నెత్తిన పడింది. ఆరాధన జరిగినంతసేపూ వెనక గదిలో కొలతలు తీస్తూ, అతుకులు వేస్తూ ఉండిపోతోంది. ఉపాయం చెప్పింది మరిదే. "ప్రతివారం పరుగెత్తుకు రావడమెందుకు వదినా, నెలకి సరిపడా ఒకేసారి పెట్టేయ్." ఆమె కూడా హమ్మయ్య అనుకుని పెట్టేసింది, మొదటి నెలా రెండో నెలా కూడా. ఇంట్లో మనిషేగా అనుకుంది. అదే బయటివాడు అడిగి ఉంటే చెడామడా తిట్టి పంపేది.

మరీ ఇంత అనుమానమేమిటని తనని తానే కసురుకుంది. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతను బడిపిల్లవాడు. మొదటి ఉద్యోగానికి వెళ్లింది ఆమె కుట్టిన చొక్కాతోనే. అయినా ఒక ప్రశ్న వదల్లేదు. బొమ్మ అతికించాలంటే గదిలో నాలుగు గోడలున్నాయి కదా, అద్దమే ఎందుకు కావలసి వచ్చింది?

సాయంత్రం నాలుగింటికి సందు చివరింటి నర్సు గౌను పొడవు పెంచమని కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్లకి ఏడేళ్లు. ఒక్కచోట నిలబడదని అందరూ బొంగరం అంటారు. నర్సుకి ఫోనొస్తే మాట్లాడుతూ వీధిలోకి వెళ్లింది.

"కదలకే బొంగరం. సూది గుచ్చుకుంటే నా పూచీ లేదు." టైలరమ్మ అంచు మడుస్తూ పిల్ల మెడలో ఎర్రదారానికి వేలాడుతున్న విజిల్ చూసింది. "కొత్తదా? ఎవరిచ్చారు?"

"ఆదివారం బడి సార్ ఇచ్చాడు. నాకొక్కదానికే. అమ్మకి చెబితే మళ్లీ తీసేసుకుంటాడంట. అందుకే మా క్లాసు పిల్ల ఇచ్చిందని చెప్పా." బొంగరం అరచక్రం తిరిగింది. "అందరూ వెళ్లిపోయాక నేనూ సారూ బోర్డు తుడుస్తాంగా. తలుపు గడియ నేనే వేస్తా. నాకందుతుంది."

టైలరమ్మ చేతిలోని గుండుసూదులు ఒక్కొక్కటే గుడ్డకి గుచ్చింది. "అప్పుడు గదిలో ఇంకెవరుంటారమ్మా?"

"నువ్వేగా ఆంటీ. పుస్తకంలో నీ పేరుంది. ఆంటీ ఏదీ అని అడిగితే, పేరుంటే మనిషి ఉన్నట్టే అన్నాడు సార్."

ఇంకో పది ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి. కొత్తగా చేరేవాళ్లకి ఆమె తానే చదివి వినిపించే కాగితం గుర్తొచ్చింది. పిల్లల్ని గుచ్చి గుచ్చి అడగకండి, మాటలు అందించకండి, ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. విన్నది విన్నట్టు రాసి వెంటనే పై వాళ్లకి చెప్పండి. ఐదు నెలల క్రితం మరిదికి కూడా చదివింది. అతను బుద్ధిగా తలూపాడు.

"నాకు చెప్పి మంచిపని చేశావు. నీ తప్పేం లేదు. ఇది మీ అమ్మకి నేను చెప్పాలి, సరేనా?" అంది. కొలతల పుస్తకంలో ఆ పిల్ల భుజం, పొడవు రాసిన పేజీలోనే కిందగా ఆ మాటలన్నీ పొల్లుపోకుండా రాసుకుంది.

బొంగరాన్ని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, నర్సుకి వరండాలో చెప్పింది. నర్సు అరవలేదు, ఏడవలేదు. అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ గదిలో నువ్వుంటావనేగా అక్కా నేను పంపింది?"



వాళ్లు వెళ్లాక చర్చి బీరువా తాళంచెవి చేతిలోకి తీసుకుంది. పుస్తకం ఆ బీరువాలోనే ఉంది. విజిల్ సంగతి, గడియ సంగతి చెప్పి ఊరుకోవచ్చు. తన సంతకాలున్న రెండు పేజీలు మాయమైనా పాస్టరు గారు ఆమెని అనుమానించరు. అడిగితే మరిదే అడగాలి, అతను మాత్రం ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? ఆ ఆలోచనకి తన మీద తనకే రోత పుట్టింది. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

ఆమె తిరిగొచ్చేసరికి ముగ్గురూ భోజనాల బల్ల దగ్గరున్నారు.

"ఎక్కడికెళ్లావు? పొయ్యి మీద ఏమీ లేదు, అమ్మే వండింది," అన్నాడు భర్త.

"చర్చికి."

"మంగళవారం కూడా డ్యూటీయేనా పోలీసు వదినా?" మరిది నవ్వాడు. కానీ ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

ఆమె చేతులు కడుక్కొచ్చి తన కుర్చీలో కూర్చుంది. "హాజరు పుస్తకం పాస్టరు గారి చేతిలో పెట్టొచ్చాను. రెండు నెలలుగా అందులో ఉన్న నా సంతకాలన్నీ అబద్ధమని, ఆ రోజుల్లో నేను ఆ గదిలో లేనని రాసిచ్చాను. బొంగరం నాతో అన్న మాటలు కూడా రాసిచ్చాను. వాళ్లమ్మకీ తెలుసు."

అత్తగారి చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. "చిన్నోడి మీదా? మన చిన్నోడి మీదా?"

"ముందు నా మీదే అత్తయ్యా."

"నువ్వు కళ్లారా ఏమైనా చూశావా?" అన్నాడు భర్త.

"లేదండీ. చూడ్డానికి నేనక్కడ లేను. అదే చెప్పొచ్చాను."

"ఒక్క మాట నన్నడగాల్సింది వదినా," అన్నాడు మరిది, కంచంలోకి చూస్తూ.

"అడిగితే నవ్వించేవాడివి. నేనూ నవ్వేసేదాన్ని."

ఆమె అన్నం వడ్డించుకుంది, గిన్నె భర్త వైపు జరిపింది.

"తేలేదాకా నేను బడికి వెళ్లను, నువ్వూ వెళ్లవు. పాస్టరు గారు నా ముందే ఫోన్ చేశారు, రేపు పదింటికి పిల్లల సంరక్షణ అధికారి ఇంటికొస్తారు. మీరు సెలవు పెట్టండి. మన నలుగురితోనూ మాట్లాడతారట. అడిగినదానికి ఎవరికి వాళ్లం ఉన్నది ఉన్నట్టు చెబుదాం," అంది. "మొదట నేను చెబుతాను."