జమున మెట్ల మీద జారిపడలేదు

నర్సింగం జమున జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. మూడుసార్లు, మా కళ్లముందే. కీబోర్డు మీద నెత్తురు కారింది.

సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాల కార్ఖానా పై అంతస్తులో పదకొండుమంది ఆడవాళ్లం పనిచేస్తున్నాం. ఎక్కడెక్కడి వీడియోలన్నీ మా ముందుకొస్తాయి. నరకడాలు, తగలబెట్టడాలు, పసిపిల్లల్ని చావబాదడాలు. ఏది హింసో మేం చూసి గుర్తు పెడితే కంప్యూటర్ నేర్చుకుంటుందట. దాని తెలివిని లోకమంతా మెచ్చుకుంటోంది. ఆ తెలివి కోసం మాకు నిద్ర లేకుండా పోయిందని ఎవడికి తెలుసు?

ఒక్కో వీడియోను ముగ్గురు చూడాలి. ఆ రోజు ఒకదాంట్లో ఎవడో పెళ్లాన్ని గోడకేసి బాదుతున్నాడు. జమున, మంగ, నేను ముగ్గురం ‘హింస’ అని కాక ‘ఇంటి గొడవ’ అని నొక్కాం. మా గల్లీలో దాన్ని అట్లాగే అంటారు మరి. తప్పు గుర్తు పెట్టామని కంపెనీ ఆ రోజు పనంతా తిప్పి పంపింది. దాంతో మా పనిని గుత్తకు తీసుకున్న ఠేకేదారు నర్సింగం పిచ్చెక్కి, చేతికందిన జమున మీద పడ్డాడు. వాడూ మా కరీంనగర్ వాడే, ఒకప్పుడు మా అన్నలతో మగ్గం నడిపినవాడే.

కొట్టాక కాగితం తెచ్చాడు.

“మెట్ల మీద జారిపడ్డ అని రాసున్నది. దస్కత్ పెట్టు. లేకుంటె నీ మొగని నౌకరీ గుడ పోతది.”

కింద మగ్గం మీదున్న జమున భర్త గణపతి ఉరికొచ్చాడు. నెత్తురోడుతున్న పెళ్లాన్ని వదిలేసి ముందు అక్కడికొచ్చిన కార్ఖానా యజమాని సేఠ్‌కు దండం పెట్టాడు.

“పెట్టరాదే! గింత దానికి లొల్లేంది?” అని ఆమె మీద చెయ్యెత్తాడు.

మాలో పెద్దది ఐలమ్మ ఆ చేతిని పట్టుకుంది. “గిది ఇంటి గొడవ అనుకుంటనే ఇన్నేండ్లు బతికినం. మనమే తప్పు నొక్కినం బిడ్డా.”

నర్సింగం ఆమెను తోశాడు. ఐలమ్మ కుర్చీల మీద పడింది. అంతే, మంగ కుర్చీ ఎత్తింది. అందరం లేచాం. వాడి మూతి పగిలింది, రెండు పళ్లు రాలాయి. అక్కల్లారా, మీకు అబద్ధం చెప్పను. నాకు భయం వేయలేదు, సంతోషమే వేసింది.

సేఠ్ ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. ఎస్సై అదే కాగితం జమున ముందుంచాడు. “సైన్ కర్ దో. నహీఁ తో సబ్ అందర్.” సంతకం పెట్టకుంటే అందర్నీ లోపలేస్తాడట.

జమున కాగితం తిరగేసి తెలుగులో నాలుగు ముక్కలు రాసి దస్కత్ పెట్టింది. దాని కింద మేం పదిమందిమీ పెట్టాం.

“క్యా లిఖా హై?” తెలుగు రాని ఎస్సై, ఏం రాసిందో చెప్పమని కాగితాన్ని గణపతి చేతిలో పెట్టాడు.

గణపతి చూశాడు.

“సదువు,” అంది జమున.

“నర్సింగం నే... మేరీ ఘర్‌వాలీ కా సర్... తీన్ బార్ టేబుల్ పే మారా.” నర్సింగం నా పెళ్లాం తలను మూడుసార్లు బల్లకేసి కొట్టాడని హిందీలో చదివాడు. ఆగి, సేఠ్ వైపు చూడకుండా, నేనూ కొట్టేవాణ్నని ఒప్పుకున్నాడు. “మైఁ భీ మార్తా థా సాబ్.”

మమ్మల్ని వ్యాన్‌లోకి తోశారు. గణపతి లోపలికెళ్లి తన మగ్గం బంద్ చేసి వ్యాన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనక పక్క మగ్గం రాములు వచ్చాడు, తర్వాత షిఫ్టంతా వచ్చింది. గల్లీలోని ఆడవాళ్లు చక్రాల ముందు కూర్చున్నారు. డ్రైవర్ హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఒక్కరూ జరగలేదు.